ఉత్తుత్తి కోర్టు సుత్తి

నేను ఒక సుత్తిని. మేకులు కొట్టే రకం కాదు. సినిమా జడ్జిగారు "ఆర్డర్, ఆర్డర్" అంటూ బల్లమీద బాదే టేకు సుత్తిని. నేను వేయించిన ఉరిశిక్షల తాళ్ళన్నీ ముడేస్తే మద్రాసు రైలును హైదరాబాదు దాకా లాక్కురావచ్చు. ఉరిపడ్డవాళ్ళంతా లేచి భోజనాల దగ్గర వరసలో నిలబడేవాళ్ళు, అది వేరే సంగతి.

మా కోర్టులో ప్రాసిక్యూటరంటే బుర్రమీసాల మనిషి. అరుస్తాడు, అబద్ధాలాడతాడు, అమాయకుణ్ణి బోనులో ఏడిపిస్తాడు. ఆఖర్న హీరో నేరం ఒప్పేసుకోగానే తలుపు ధడాలున తెరుచుకుంటుంది, అసలు సాక్షి పరుగెత్తుకొస్తాడు. ఏళ్ళ తరబడి అదే చూసి న్యాయమంటే ఇంతేననుకున్నాను. బంట్రోతు వేషం కట్టే సింహాద్రీ అలాగే అనుకున్నాడు.

మావాళ్ళకో అలవాటుంది. చిన్న సామాను పోకుండా జూనియర్ ఆర్టిస్టు ఒకడు సంచీలో వేసుకెళ్ళి మర్నాడు తెస్తాడు. నన్ను సింహాద్రి తీసుకెళ్ళేవాడు. వాళ్ళావిడ అప్పయ్యమ్మ నాతో వెల్లుల్లి దంచేది. మర్నాడు జడ్జిగారు నన్నెత్తి ముక్కు ఎగబీల్చేవారు. ఒకసారి షూటింగ్ అర్ధంతరంగా ఆగిపోయి నేను ఆ వంటింట్లోనే ఉండిపోయాను. సామాన్ల గోడౌను యజమాని పుండరీకాక్షయ్య నేను కనబడలేదని దొంగతనం కేసు పెట్టేశాడు. పోలీసులు నన్ను వెల్లుల్లి పొట్టుతో సహా పట్టుకున్నారు.

అలా నిజం కోర్టులో అడుగుపెట్టాను, దొంగసొత్తుగా, మెడలో చీటీతో. చూద్దును కదా, జడ్జిగారి బల్లమీద నాలాంటిది ఒక్కటీ లేదు! ఫ్యాను కిర్రుమంటోంది. ప్రాసిక్యూటరు విజయగౌరిగారికి కళ్ళకింద నలుపు, గొంతులో జలుబు. శిక్షపడితే సింహాద్రికి జైలు. బయటికొచ్చాక ఏ స్టూడియో గేటూ తెరుచుకోదు.

సాక్ష్యం చెప్పడానికొచ్చిన పుండరీకాక్షయ్య నన్ను చూసి "ఇదేనండి" అన్నాడో లేదో, సింహాద్రి ముద్దాయి బోనులోంచి గొంతెత్తాడు.

"యువరానర్! నేరం నాదే! ఏ శిక్షయినా విధించండి!"

అని తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. జడ్జిగారు కలం అందుకున్నారు.

విజయగౌరిగారు దగ్గి లేచారు. "సార్, అది సినిమా డైలాగండి. సాక్షిని ఇంకొకటి అడగనివ్వండి. ఏమండీ, షూటింగయ్యాక ఈ సుత్తి ఎవరింటికి వెళ్ళేది?"

"వీడింటికేనమ్మా."

"మీరు వద్దనేవారా?"

"ఎందుకంటానండి? మర్నాడు తెచ్చేవాడు కదా."

"మరి ఆసారి తెమ్మని అడిగారా?"

పుండరీకాక్షయ్య తల గోక్కున్నాడు. "లేదండి. ముందు కేసు పెట్టేశాను."

"అంతే సార్," అని ఆవిడ ఇంకో ఫైలు విప్పుకున్నారు. తన కేసును తానే పడగొట్టిన ఆ గొంతు ఫ్యాను చప్పుడులో సగం వినబడనే లేదు.

ఆ సాయంత్రమే కేసు కొట్టేశారు. చప్పట్లు లేవు. ఇంకా ఏదో ఉంటుందని సింహాద్రి బోను పట్టుకునే ఉన్నాడు.

"దిగవయ్యా, వేరేవాళ్ళు ఎక్కాలి," అన్నాడు అసలు బంట్రోతు.

పుండరీకాక్షయ్య నాకోసం రాలేదు, సిగ్గేసిందేమో. కోర్టు సామాన్ల గదిలో తుప్పు కత్తుల మధ్య పడున్నాను. బాదీ బాదీ అలిసిపోయాను. ఊరికే పడుండటం బాగానే ఉంది. ఆ రోజు కోర్టు గుమ్మం దగ్గర అప్పయ్యమ్మ సింహాద్రిని అడిగిన మాటలే అప్పుడప్పుడు గుర్తొస్తాయి.

"ఏటన్నారు?"

"ఇంటికెళ్ళిపొమ్మన్నారే."

"ఆ లాయరమ్మ నీ మీద గట్టిగా అరిసిందేటి?"

"లేదే. అడిగింది, అంతే."