గంధం అంటిన రెండంకె

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు. అందుకే భర్త మోహన్‌రాజ్ ఫోను పాడైతే సుమ తన ఫోనే ఇచ్చి అతణ్ణి హోసూరు ఫ్యాక్టరీకి పంపింది. బేరిగై నుంచి బండి మీద పోతున్నంతసేపూ తన ఫోను అతని చొక్కా జేబులో ఉంటుందనుకుంటేనే ఆమెకు నవ్వొచ్చింది. గేటు దగ్గర ఫోను అప్పజెప్పి లోపలికి పోతే మళ్లీ సాయంత్రం దాకా అతను దొరకడన్నది ఆ నవ్వులో గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నం, సుమ ఫోను ఎవరూ ఎత్తకపోయేసరికి, మామ తిమ్మరాయప్ప బటన్ల ఫోనుకు కృష్ణగిరి నుంచి భువన చేసింది. ఆమె, సుమ కాలేజీలో ఒకే బెంచీ. భువన ఇప్పుడు మామిడి ప్రదర్శన ఏర్పాట్లు చూస్తోంది.

"ఎవరో స్టాల్ వద్దనేసినారు సుమా. మీ అత్త తొక్కు పెట్టేదానికి బాగుంటాది. నాలుగులోపల మెయిల్ పంపు. ఎవురిది ముందొస్తే వాళ్లకే. నేను మీటింగ్‌లోకి పోతా ఉండా, అడ్రస్ రాసుకో."

సుమ రాసుకుంది. అత్త కదిరమ్మ చేసే మామిడి తొక్కు పచ్చడి చుట్టుపక్కల పెళ్లిళ్లలో తెలియని విస్తరాకు లేదు. ఇన్నేళ్లూ పంచిపెట్టడమే గాని అమ్మింది లేదు. జాడీ మీద తన పేరు చూసుకోవాలన్న ఆశను ఆమె కోడలికి ఒక్కదానికే చెప్పింది.

కొత్త లాప్‌టాప్ తెరిచి సుమ చకచకా టైపు చేసింది. అడ్రస్ సగంలో వేళ్లు ఆగిపోయాయి. రెండంకె కీ నొక్కితే దిగలేదు.

బండి, మిక్సీ, గ్రైండర్, ఏది కొత్తగా వచ్చినా ఆ ఇంట్లో గంధం, కుంకుమ పెట్టాల్సిందే. లాప్‌టాప్ వచ్చిన రోజు కదిరమ్మ మూత మీద పెడితే ఏం బాగుంటుందని, తెరిచి, కీల పైవరుసలో నిండుగా బొట్టు పెట్టింది. అది ఎండి రాయైంది.

"ఏమ్మా, మొగం అట్ల పెట్టినావు?"

"రెండంకె దిగలేదత్తా. దాని నెత్తినే అట్ గుర్తు ఉండాది. అది లేకుంటే మెయిల్ యాడికీ పోదు."

"నేను పెట్టిన బొట్టేనా?"

సుమ అబద్ధం చెప్పలేకపోయింది. "మంచి గట్టి గంధమత్తా."

"పక్కన మూడు మీద పెట్టుంటే పోయుండును," అంది కదిరమ్మ దిగులుగా.

సూదితో గీకారు, తడిగుడ్డతో తుడిచారు. కీ కదల్లేదు. మామ ఫోనులో స్టార్ బటన్ నొక్కితే అన్ని గుర్తులూ వరసగా వచ్చాయి.

"దీంట్లో గుర్తు ఉండాది, నెట్ లేదు. దాంట్లో నెట్ ఉండాది, గుర్తు లేదు."

"రెండింటికీ పెండ్లి చేసేయమ్మా."

ఇద్దరూ నవ్వారు గాని గడియారం నవ్వలేదు. మూడున్నర దాటింది. చూస్తూ కూర్చోలేక కదిరమ్మ పోయి టీవీ పెట్టింది. సీరియల్ పేరు కోసం రిమోట్‌తో తెర మీద ఒక్కొక్క అక్షరమే ఏరుతోంది. సుమ ఊరికే అటు చూసింది. చూసి లేచి నిలబడింది. టీవీకి కీలే లేవు. అక్షరాలన్నీ తెర మీదే ఉన్నాయి.

టీవీలో ఉన్నది లాప్‌టాప్‌లో మాత్రం ఎందుకుండదు? వెతికింది. ఉంది. తెర మీద కీబోర్డు మొత్తం పరుచుకుంది. గంధం లేదు, కుంకుమ లేదు. మౌసుతో షిఫ్ట్ మీద నొక్కింది. అంకెలుండే చోట గుర్తులు మేలుకున్నాయి. రెండంకె ఉన్న చోట నొక్కగానే ఆ గుండ్రటి తోక గుర్తు బుద్ధిగా వచ్చి అడ్రస్‌లో కూర్చుంది.

"పడిందత్తా, పడింది."

కదిరమ్మ రిమోట్ చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నాలుగుకు ఇంకా కాస్త వ్యవధి ఉండగానే మెయిల్ వెళ్లిపోయింది. ఇద్దరూ తెరనే చూస్తూ కూర్చున్నారు. జవాబు వచ్చింది. స్టాల్ మీకే, బోర్డు మీద ఏ పేరు రాయాలి?

"నీ పేరే రాయమ్మా. కష్టపడింది నువ్వు."

సుమ వినిపించుకోలేదు. కొట్టి పంపేసి, తర్వాత చదివి వినిపించింది.

"కదిరమ్మ మామిడి తొక్కు, బేరిగై."

కదిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "మీ మామకు చెప్పొస్తా," అని వాకిలి దాకా పోయింది. అక్కడి నుంచి వెనక్కొచ్చి మళ్లీ తెర ముందు కూర్చుంది.

"ఇంకొకసారి చదువు సుమా. బోర్డు ఎంత పెద్దదో కూడా అడుగు."