జెలిపా నీడకు ఆఖరి పని

చలికాలం పొగమంచు విడిచి వాకిట్లో ఎండ పడగానే, లొసారియా ముసలమ్మ గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మనవరాలి నీడను కేకేసేది.

"ఒసేయ్, వాగు దాటి వెళ్ళి నా చెల్లెలు ఎలా ఉందో చూసి రా."

వాకిలి ఊడుస్తున్న జెలిపా పాదాల దగ్గర నీడ విడివడి, కంచె కింద నుంచి దూరి, మొక్కజొన్న మోళ్ళ మీదుగా జారుకుంటూ పోయేది. ముసలమ్మకు మోకాళ్ళు పట్టేసి చాలా ఏళ్ళయింది. వాగు అవతలి ఊళ్ళో ఉన్న చెల్లెలు మగిరేటాదీ అదే అవస్థ. అక్కాచెల్లెళ్ళ మధ్య రాకపోకలన్నీ ఆ నీడవే. అది తిరిగొచ్చి పాదాలకు అతుక్కోగానే, చూసిందంతా జెలిపాకు తెలిసిపోయేది.

"చిన్నమ్మమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. దగ్గు తగ్గినట్టుంది," అనేది. ముసలమ్మ "ఊఁ" అని, ఆ పూటకు స్థిమితపడేది.

ఆ తర్వాత ఊరి వంతు. పిండిమర దగ్గర జనం ఎంతమంది ఉన్నారో ఒకరికి కావాలి. మేకలు ఎవరి చేలో పడ్డాయో ఇంకొకరికి కావాలి. పొద్దున నీడ పొడుగ్గా ఉంటుంది కాబట్టి దూరపు పనులు, మిట్టమధ్యాహ్నం కురచ కాబట్టి చుట్టుపక్కల పనులు. మబ్బు పట్టిన రోజు దానికి సెలవు. ఒక పని చేతిలో ఉంటే అది ముగిసేదాకా ఇంకొకరి మాట వినదు. అందుకని జనం పొద్దున్నే వచ్చి కంచె దగ్గర నిలబడేవారు. వాళ్ళు పలకరించేది నీడనే. దాని పక్కనున్న పిల్లను కాదు.

కతేతే పట్నం చుట్టుపక్కల పల్లెల్లో పెద్దలు తెలివిని న్జేలు అంటారు. పంపితే వెళ్ళి, దారిలో ఆటల్లో పడకుండా, చెప్పిన పని చేసుకొచ్చే పిల్లకు న్జేలు ఉన్నట్టు లెక్క. ఆ లెక్కన జెలిపాను మించిన పిల్ల ఆ చుట్టుపక్కల లేదు.

బడి లెక్క వేరు. నీడ పక్కన లేనప్పుడు జెలిపాకు ఎండలో కూడా ఒళ్ళు చల్లబడేది. తడి సబ్బులా మాటలు చేతికందకుండా జారిపోయేవి. మేష్టారు అడిగింది వినపడేది గాని, జవాబు ఎక్కడో పొలాల మీద తిరుగుతూ ఉండేది. ఏడో తరగతి పరీక్ష ఒకసారి తప్పింది. ఆడపిల్లలు తాడాట ఆడేటప్పుడు ఆమెను పిలిచేవారు కాదు. పిలిచినా ఎప్పుడు గెంతాలో ఆమెకు తెలిసేది కాదు. గోడకు ఆనుకుని, నీడ ఎప్పుడొస్తుందా అని దారి చూస్తూ కూర్చునేది. మబ్బు రోజుల్లో మాత్రం ఇంట్లో నోరు మూయకుండా మాట్లాడేది. అది విన్నది అమ్మమ్మ ఒక్కతే.

ఆ ఏడు రాజధాని లుసాకా నుంచి నసిలేలే అనే మేడం వచ్చింది. యూనివర్సిటీ మనిషి. బొమ్మలు, చెక్కముక్కలు పరిచి పిల్లల తెలివిని కొలిచే పని ఆమెది. బడిలో చోటు చాలడం లేదు కాబట్టి, పరీక్ష తప్పినవాళ్ళలో ఈ కొలతలో కూడా వెనకబడినవాళ్ళను ఇంటికి పంపేస్తానన్నాడు హెడ్మాస్టరు న్జోవు.

జెలిపా వంతు వచ్చేసరికి నీడ ఆసుపత్రి దగ్గర ఉంది. నర్సు వచ్చిందో లేదో చూసి రమ్మని ఎవరో పంపారు. మేడం బొమ్మ మీద బొమ్మ చూపించింది. జెలిపా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పోనీ, నీకు తోచింది చెప్పమ్మా."

జెలిపా బయట దారి వైపు చూసింది.

"నేను చెప్పలేదా మేడం?" అన్నాడు న్జోవు. "ఆ బుర్రలో ఈదరగాలి తప్ప ఏమీ లేదు."

సాయంత్రం మేడం ఊరి పెద్దల మధ్య కూర్చుని అడిగింది: "మీకు అర్జంటు పని పడితే ఏ పిల్లను పంపుతారు?"

"జెలిపాని," అన్నాడు ఊరి పెద్ద.

"జెలిపానే. వేరే ఎవరున్నారు?" అంది పక్కనున్న ముసలావిడ.

మేడం ఎక్కడా పొంతన కుదరక, చీకటి పడకముందే లొసారియా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముసలమ్మ ఆమెకు పీట వేయించింది.

"మీ మనవరాలికి రేపు ఇంకొకసారి పరీక్ష పెట్టాలనుకుంటున్నానమ్మా. రేపు కూడా ఇలాగే ఉంటే బడి మానిపించేస్తారు. ఆ పిల్లకు ఏమైనా జబ్బా?"

"జబ్బేం కాదు," అంది ముసలమ్మ. మోకాళ్ళు నిమురుకుంది. "మీరు ఇవాళ సగం పిల్లను చూశారు. ఊళ్ళోవాళ్ళు రెండో సగాన్ని చూస్తారు. రెండూ కలిపి చూసేదాన్ని నేనే. నా చెల్లెలి కబురు కోసం నేనూ నోరు మూసుకున్నాను."

మేడం ముసలమ్మ ఇచ్చిన వేరుశనక్కాయలు తిని వెళ్ళింది.

మర్నాడు ఎండ పడింది. ముసలమ్మ గడప మీదికి వచ్చి నీడను కేకేసింది. జెలిపా చీపురు పట్టుకుని, ఒళ్ళు చల్లబడటానికి సిద్ధపడి నిలబడింది.

"ఇటు విను," అంది ముసలమ్మ నీడతో. "దీని దగ్గరే ఉండు. అదే నీ పని."

నీడ కదిలి, మళ్ళీ పాదాల దగ్గర సర్దుకుంది.

"ఎంతసేపు అమ్మమ్మా?"

"ఎంతసేపని నేను చెప్పానా?"

జెలిపా చేతిలో చీపురు జారిపోయింది. "మరి చిన్నమ్మమ్మ సంగతో?"

"బడికి టైమవుతోంది. నడు."

కంచె దగ్గర ఊరి పెద్ద అప్పటికే వచ్చి నిలబడ్డాడు. "ఏయ్ నీడా, మా ఎద్దు తప్పిపోయింది, చూసి రా," అన్నాడు. నీడ కదల్లేదు. రెండోసారి గట్టిగా అరిచాడు. జెలిపా ఆయనకు దణ్ణం పెట్టి, నీడను వెంటబెట్టుకుని బడికి వెళ్ళిపోయింది.

మేడం బండి బొమ్మ చూపించింది. దానికి ఒక చక్రం లేదు.

"ఇందులో ఏం లేదు?"

"మనిషి లేడు," అంది జెలిపా.

"ఇంకా చూడు."

"చక్రం లేదులెండి. కానీ మనిషంటూ ఉంటే చక్రం తెచ్చుకుంటాడుగా మేడం. బండిని ఒంటరిగా వదిలేసి ఎక్కడికి పోయాడు?"

మేడం కలం పట్టుకుని ఆలోచించింది. లుసాకాలో తన గదిలో తను తప్ప ఎవరూ లేని సంగతి గుర్తొచ్చిందేమో, ఆ బొమ్మను కాసేపు తనే చూసింది. తర్వాత ఆ జవాబుకు మార్కు వేసి, ఇంకో బొమ్మ తీసింది.

చివరికి జెలిపా తెలివి అద్భుతమేమీ కాదని తేలింది. తరగతిలో మధ్యన కూర్చునే పిల్లలంత ఉంది. న్జోవు పెదవి విరిచాడు గాని, బడిలో ఉండనిచ్చాడు. మేడం చెక్కముక్కలు సర్దుకుని బస్సెక్కింది.

ఊరు మాత్రం ఆమె తెలివి పోయిందని తేల్చేసింది. "పాపం, బంగారం లాంటి పిల్ల. ఎవరి దిష్టి తగిలిందో, పంపితే కదలదు," అన్నారు. నీడను పలకరించడానికి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. కంచె దగ్గర గడ్డి మొలిచింది. బడిలో జెలిపా ఇప్పుడు అన్నీ వింటోంది, అడిగితే చెబుతోంది. అయినా తాడాటకు ఎవరూ పిలవలేదు. గోడకు ఆనుకుని కూర్చునే పిల్లగానే వాళ్ళ కళ్ళు ఆమెకు అలవాటుపడిపోయాయి. ఇదివరకు నీడ కోసం దారి చూసేది. ఇప్పుడు దేనికోసం చూస్తోందో తనకే తెలియదు.

అమ్మమ్మ మాత్రం ఎండ పడగానే గడప మీద కూర్చునేది. నోరు తెరిచేది, మూసేది. వాగు వైపు చూసేది.

ఒక ఆదివారం జెలిపా గిన్నెలు బోర్లించి, ఎవరితోనూ చెప్పకుండా వాగు దాటింది. నీళ్ళు పాదాలను కొరికేంత చల్లగా ఉన్నాయి. ఆ సంగతి నీడ ఎన్నడూ చెప్పలేదు. అవతలి గట్టున పొగ వాసన, ఎవరో రోకలి పోటు వేస్తున్న చప్పుడు, చెప్పుల్లో గుచ్చుకునే పల్లేరుకాయలు. ఇన్నేళ్ళుగా తెలిసిన దారే, అయినా కొత్తగా ఉంది.

మగిరేటా వాకిట్లో గుమ్మడాకులు తుంచుతోంది. ముందు నేల మీద నీడను చూసి, పక్కనున్న పీటను దాని వైపు జరిపింది.

"వచ్చావా? ఎన్నాళ్ళయిందే! అక్క పోయిందేమోనని హడలి చచ్చాను." అప్పుడు తల ఎత్తింది. "ఓలమ్మో! నువ్వే వచ్చావా? ఎవరు పంపారే నిన్ను?"

"ఎవరూ పంపలేదు చిన్నమ్మమ్మా," అంది జెలిపా. "నేనే వచ్చాను."

ముసలావిడ చేతిలో ఆకులు ఒళ్ళో పడ్డాయి.

"ఇన్నేళ్ళూ నీ నీడకు పీట వేస్తూనే ఉన్నాను," అంది. "ఒక్కనాడూ కూర్చోలేదది. పని చూసుకుని వెళ్ళిపోయేది. నీ గొంతు ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది. కూర్చో. మొక్కజొన్న పిండితో న్సీమా వండుతాను, తిని వెళుదువుగాని."

జెలిపా పీట మీద కూర్చుంది. వెనక్కి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. గుమ్మడాకుల కట్టలోంచి సగం తీసుకుని, ఒక్కొక్కటే ఈనె తీయడం మొదలుపెట్టింది.