కొలువులో తాగుబోతుల కొట్టు

హిల్డాగారు అయిదింటికి వస్తానన్నారు. నాలుగున్నరైనా కొలువులో ఆ కొట్టు లేదు.

ఆవిడ మా పక్కింటావిడ. అమెరికా వచ్చి ఈ బెంటన్‌విల్‌లో స్థిరపడి చాలా ఏళ్లయింది కానీ, పుట్టింది ఇంగ్లండులో పెల్‌కోట్ అనే చిన్న పల్లెలో. పోయిన భర్త ఆ ఊరినంతా కొయ్యతో చెక్కి పెట్టారు. మా దసరా బొమ్మల కొలువులో కింది మెట్టు ఖాళీగా ఉండటం చూసి ఊరంతా తెచ్చిచ్చారు. చర్చి, చెరువు, సంత జరిగేచోట రాతి సిలువ, కమ్మరి కొలిమి. తాగుబోతుల్ని బంధించే కొట్టు ఒక్కదానికి పైకప్పు ఊడితే, జిగురుపెట్టి నిన్న పొద్దున టిష్యూ కాగితంలో చుట్టి తెచ్చారు. అసలు కొట్టును లారీ గుద్దేసిందట. రాళ్లు కూడా మిగల్లేదు, ఇదొక్కటే ఉంది అంటూ నా చేతుల్లో పెట్టారు. ఇవాళ పిల్లలకు ఊరి కథ తనే చెబుతానన్నారు.

నిన్న పేరంటం. నేను బొట్టు పెట్టకూడదు కాబట్టి వంటింట్లో కూర్చుని సంచులు నింపాను. తాంబూలం, శనగలు, కాగితంలో చుట్టిన కొయ్య కుంకుమ భరిణె. బల్లమీద కాగితం చుట్టి ఉన్నవన్నీ భరిణెలే అనుకున్నాను. కోడలు చాముండేశ్వరి వాటిని పంచింది.

కొట్టు ఎవరి సంచిలోకి వెళ్లిందని పొద్దున కోడలు అందరికీ మెసేజ్ పెడితే, పేరంటానికొచ్చిన రాధారాణి ఇందాకే ఫొటో పంపింది. వాళ్ల పూజగదిలో అమ్మవారి పక్కన మా కొట్టు. గుండ్రటి గోడలు, మొనదేలిన కప్పు, తలుపు మీద కుంకుమబొట్టు, నెత్తిన బంతిపువ్వు.

కోడలు ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"ఎంత క్యూట్ టెంపుల్ అనుకున్నా అక్కా. హారతి కూడా ఇచ్చేశా."

"తల్లీ, అది గుడి కాదే. తాగి గొడవచేసే వాళ్లను తెల్లారేదాకా పెట్టి తాళం వేసే కొట్టు" అన్నాను.



"అంటే నేను జైలుకి హారతిచ్చానా ఆంటీ?"

"ముందు తీసుకురా అమ్మా."

"ఆఫీస్‌లో ఉన్నా. ఇంటికి డ్రైవ్ చేసి వెళ్లాలి. అయినా పూజ చేసినదాన్ని నవరాత్రుల్లో కదపొచ్చా?"

"కదిపిన పాపం నాది. నువ్వు బయల్దేరు."

ఫోన్ పెట్టేసి కోడలు నావైపు చూసింది. "ముందే చెప్పేద్దాం అత్తయ్యా."

"వస్తుంది కదా."

"రాకపోతే?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లాను.

హిల్డాగారు చెప్పిన వేళకే వచ్చారు. పిల్లలు కింద కూర్చున్నారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది మనవరాలు రిషిత నాకు తెలుగులో చెబుతోంది. చర్చి గంట ఒక గాలివానకి కిందపడితే, ఎత్తేవాళ్లు లేక గడ్డిలోనే ఉంచి సుత్తితో కొట్టేవారట. చెరువు ఎండిన ఏడాది అడుగున బండిచక్రం దొరికిందట. సిలువ మెట్లమీద వెన్న అమ్మే ఆడవాళ్లు బేరం కుదరకపోతే వెన్నకాగితాలతోనే కొట్టుకునేవారట. పిల్లలు నవ్వారు. ఆవిడ వేలు కొలిమి మీదికి జరిగింది. కిటికీ బయట కారు లేదు. వేలు ఇంకాస్త జరిగి ఖాళీ చోటు మీద ఆగింది.

ఆవిడ ఆ చోటు చూశారు. తర్వాత నన్ను చూశారు.

"నాన్నమ్మా, అది ఎక్కడుంది అని అడుగుతున్నారు."

"నావల్లే పొరపాటు జరిగిందని చెప్పమ్మా. సంచులు నింపేటప్పుడు..."

తలుపు తోసుకుని రాధారాణి వచ్చింది. మెళ్లో ఆఫీస్ కార్డు, చేతిలో పళ్లెం, అందులో కొట్టు. పువ్వు తీయడానికి భయపడి పువ్వుతోనే తెచ్చింది. నేను ఆపేలోపు రిషిత హారతితో సహా జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పేసింది.

హిల్డాగారు కొట్టును చేతిలోకి తీసుకున్నారు. బొట్టును బొటనవేలితో తుడిచారు. పొడి రాలింది కానీ ఎరుపు కొయ్యలోకి ఇంకిపోయింది. ఆవిడ మళ్లీ తుడవబోయి మానేశారు. రాధారాణి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. హిల్డాగారు పువ్వు వైపు చూసి ఏదో అన్నారు.

"వాళ్ల తాత ఇందులో చాలా రాత్రులు పడుకున్నారట" అంది రిషిత. "ఆయనకి ఎవ్వరూ పువ్వు తేలేదట."

కొట్టును దాని చోట పెట్టారు. మొదట తలుపును గోడవైపు పెట్టి, ఒక్క క్షణం ఆలోచించి, బొట్టు పిల్లలకు కనబడేలా తిప్పారు. పువ్వు తీయలేదు. మళ్లీ కథ అందుకున్నారు.

అప్పుడు గానీ నేను కూర్చోలేదు.