రోమాపురి నీళ్ళు

చెలమ అడుగున నీళ్ళు తేటపడేదాకా తిరుపాలమ్మ కొబ్బరిచిప్ప పట్టుకొని మోకాళ్ళ మీద కూర్చొని ఉంది. ఎండిన వంకలో ఇసుక తోడితోడి ఆ గుంత ఇప్పటికి ఆమె నడుం లోతయింది. నాలుగు చిప్పలు ముంచితే బురద లేస్తుంది. మళ్ళీ ఊరి తేరుకునేదాకా ఊరికే కూర్చోవాలి. వెనక బిందెలు పెట్టుకొని కూర్చున్న పక్కింటి మారెక్క, ఇంత నిదానంగా ముంచితే సూర్యుడు నీకన్నా ముందే బడికి పోతాడని ఎగతాళి చేసింది. తిరుపాలమ్మ నవ్వింది. తొందరపడి బురదనీళ్ళు తీసుకుపోతే అబ్బ తాగడు, మొహం తిప్పుకుంటాడు. నీళ్ళ విషయంలో ఆ ముసలితాతకున్న పట్టింపు ఇంక దేంట్లోనూ లేదు.

ఆమె గార్లదిన్నె హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నూనె చూడని జుట్టు కొసలు రాగిరంగు తిరిగాయి. బిందె మోసిమోసి నడుం ఒక పక్కకు ఒరిగింది, ఉత్తచేతులతో నడిచినా బిందె ఉన్నట్లే నడుస్తుంది. అమ్మానాయనా బెంగళూరులో ఇళ్ళు కట్టేచోట మట్టి మోస్తున్నారు. మంచాన పడిన అబ్బను చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఈమెను ఊళ్ళో వదిలిపోయారు. అట్లా అబ్బ మంచం పుణ్యాన ఈమె చదువు సాగుతోంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అబ్బకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

అబ్బ పేరు పుల్లన్న. ఊరి చెరువుకు నీరుగంటి. తూము తెరిచి, ఏ మడికి ఎంత పారాలో చూసి, మళ్ళీ తూము మూయడం ఆయన పని, అంతకుముందు ఆయన నాయన పని. చెరువు ఆఖరుసారి నిండిన ఏడు తిరుపాలమ్మ ఇంకా పాలు తాగే పిల్ల. ఇప్పుడు చెరువు నిండా తుమ్మకంపే. అయినా మంచం పట్టేదాకా పుల్లన్న రోజూ పొద్దున్నే కట్ట ఎక్కి తూముదాకా పోయి చూసి వచ్చేవాడు. ఏం చూసి వస్తావని అడిగినవాళ్ళకు జవాబు చెప్పేవాడు కాదు. పొలం లేదు, పోట్లాట లేదు, ఊళ్ళో పెద్దరికం లేదు. ఆయన గురించి చెప్పుకోడానికి ఒకే ఒక్క మాట ఉంది. మడి తడిసిందని కంటికి తెలియగానే "చాలు" అనేవాడు. ఇంకొంచెం పారనీమని ఎంత పెద్ద రైతు బతిమాలినా ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

ఇంటికి వచ్చి బిందె దించి, తిరుపాలమ్మ తూము గడకు ఆముదం పూసింది. కొనకు కొయ్య బిరడా తొడిగిన నిలువెత్తు కర్ర అది. ఆ బిరడా తూము కంతలో దిగితే నీళ్ళు ఆగుతాయి, లేపితే పారుతాయి. చెరువులో వదిలేస్తే ఎవరో పొయ్యిలోకి ఎత్తుకుపోతారని పుల్లన్న దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. కొయ్య ఎండి పగిలితే, రేపు చెరువు నిండినప్పుడు నీళ్ళు కారిపోతాయని ఆయన భయం. తలకు లేని ఆముదం కర్రకు దొరుకుతోందని మారెక్క దెప్పుతూనే ఉంటుంది.

పుల్లన్న నులకమంచం మీదినుంచి ఆ పని చూస్తున్నాడు. పక్కటెముకల మీద తోలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. చిప్పతో నీళ్ళు తాగించి లేవబోతుంటే మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

"తూములో నీళ్ళ సద్దు ఒక్కతూరి చెవిన పడితే పోతా పాపా. దానికోసరమే ప్రాణం ఈడ ఆగి ఉండాది."

మఖ పుబ్బలు ఎండబెడితే ఇంక ఎవరి సేద్యమైనా మన్నేనని సామెత. మఖ కార్తె పోయింది, పుబ్బ పోతోంది, చినుకు లేదు. తిరుపాలమ్మ పుస్తకాల సంచి తీసుకొని బడికి నడిచింది.

సోషల్ సారు మామూలుగా ఎవరో ఒకరిని లేపి పాఠం చదవమని, తాను కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కళ్ళు మూసుకుంటాడు. పిల్లలు ఆయనను తప్పుపట్టరు, ఆ ఎండకు వాళ్ళకూ అదే పని చేయాలని ఉంటుంది. ఆ రోజు పాఠం ప్రాచీన రోము. నోరు తిరగని రాజుల పేర్లు, యుద్ధాలు గడగడా దొర్లిపోతున్నాయి. "రోమనులు దూరప్రాంతములనుండి కాలువల ద్వారా నగరమునకు నీటిని తెచ్చుకొనిరి" అన్నచోట సారు కళ్ళు తెరిచాడు. చదువుతున్నవాణ్ణి ఆగమన్నాడు. కిటికీలోంచి ముడుచుకుపోయిన శనక్కాయ చేన్ల వైపు కాసేపు చూసి, లేచి సుద్దముక్క తీసుకున్నాడు.

బోర్డు ఈ కొసనుంచి ఆ కొసదాకా కమానులు గీశాడు. కమాను పక్కన కమాను, వాటి మీద ఇంకో వరస. అన్నిటి నెత్తిన ఒక గీత గీసి, ఇదీ కాలువ అన్నాడు. ఎక్కడో కొండల్లో ఊటలు. అక్కడినుంచి ఊరికి రావాలంటే మనిషికే రోజులు పడతాయి. దారిలో లోయలు. లోయ వచ్చినచోటల్లా రాతికమానులు లేపి, వాటి మీదుగా నీళ్ళను నడిపించుకొచ్చారు. మోటార్లు లేవు, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలెలు లేవు. కంటికి తెలియనంత వాలు, అంతే. ఆ వాలు పట్టుకొని నీళ్ళు వాటంతటవే వచ్చాయి. వచ్చి ప్రతి వీధిలోనూ రాతితొట్లలోకి దూకాయి. స్నానాలకని ఊరంత మండపాలు కట్టించారు, అందులో చన్నీళ్ళ గది వేరు, వేణ్ణీళ్ళ గది వేరు. శనివారం శనివారం చెంబెడు నీళ్ళతో ఒళ్ళు తుడుచుకునే పిల్లలంతా గొల్లున నవ్వారు.

తిరుపాలమ్మ నవ్వలేదు. పుట్టినప్పటినుంచీ నీళ్ళంటే కిందికి చూడడమే. చెలమలోకి, బావిలోకి, బిందె అడుగుకు. మెడ పైకెత్తి నీళ్ళను చూసేవాళ్ళు ఈ భూమి మీద ఉండినారంటే, వాళ్ళ నెత్తిమీద నీళ్ళు నడిచిపోయేవంటే, ఆమె గుండె పట్టలేకపోయింది. ఎన్నడూ క్లాసులో నోరు విప్పనిది లేచి నిలబడింది.

"సార్, రాత్రిపూట దాన్ని ఎవరు మూస్తారు సార్?"

సారు కూడా ఆ సంగతి అంతకుముందు ఆలోచించినట్లు లేదు. "ఎవరూ మూయరమ్మా," అన్నాడు మెల్లగా. "రేయింబగళ్ళూ పోతానే ఉంటుంది. అట్లా వాళ్ళు కట్టినవాటిలో ఒకటి రెండువేల ఏండ్లయినా ఈనాటికీ పారుతాండాదంట."

ఇంతలో గంట కొట్టారు. అంతటి రోము ఎట్లా నాశనమయిందో రేపు చెప్తానని సారు బోర్డు తుడవకుండానే పోయాడు.

ఇంటిదారి పొడుగునా తిరుపాలమ్మ కింద చూడలేదు. దూరంగా కొండల వరస. ఆ కొండలనుంచి తమ చెరువుదాకా కళ్ళతోనే కమానులు కట్టుకుంటూ నడిచింది. రెండుసార్లు రాయి తగిలి బొటనవేలు చిట్లింది. ఇల్లు చేరగానే సంచి కూడా దించకుండా అబ్బ పక్కన కూలబడి మొత్తం చెప్పింది. పుల్లన్న కళ్ళార్పకుండా విన్నాడు.

"మూసే మనిషే లేడా?" అన్నాడు చివరకు.

లేడని చెప్పింది. మూయకపోయినా తరగడంలేదంట అని కూడా చెప్పింది. జీవితమంతా నీళ్ళు మూసిన ఆ ముసలి నీరుగంటి చేతులు రెండూ నిదానంగా పైకెత్తి, కనపడని ఆ ఊరికి దండం పెట్టాడు.

తిరుపాలమ్మ ఊళ్ళో వాన వెనకబడితే చావిట్లో పురాణం చదివిస్తారు. దీపాలవేళకు ఊరంతా చేరి, కథ ముగిసేదాకా రోజు తప్పకుండా వినాలి. ఒక్క పూట తప్పినా పడబోయే వాన కూడా వెనక్కు పోతుందని వాళ్ళ నమ్మకం. పక్క ఊరినుంచి రామదాసు తన పుస్తకం సంచిలో వేసుకొని వచ్చి చదివిపోతున్నాడు. ఆ సాయంత్రం దీపం పెట్టారు, టెంకాయ కొట్టారు, పుల్లన్న మంచాన్ని కూడా రోజూలాగే తెచ్చి చావిట్లో వేశారు. రామదాసు రాలేదు. జ్వరంతో లేవలేకపోతున్నాడని కబురు వచ్చింది. పుస్తకం ఆయనతోనే ఉండిపోయింది. పెద్దమనిషి రంగన్న తలపట్టుకున్నాడు. ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు.

మంచంమీదినుంచి పుల్లన్న దగ్గాడు. "మా పాప దగ్గర పుస్తకం ఉండాది. చదివించండి."

అది బడి పుస్తకమని, దేవుడి పుస్తకం కాదని రంగన్న అన్నాడు.

"దాంట్లో నీళ్ళుండాయి రంగన్నా. మన పురాణం వినేది యాటికి, నీళ్ళకే కదా. నీళ్ళుండేచోట దేవుడు యాడికి పోతాడు?"

ఊరికి ఇంకో దారి కూడా లేదు. మారెక్క పోయి పుస్తకం తెచ్చింది. తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పీట మీద పెట్టారు. తిరుపాలమ్మ కాళ్ళు కడుక్కొని దీపం ముందు కూర్చుంది. రాజుల పేర్లు వచ్చినప్పుడల్లా ముసలివాళ్ళు, ఎవరైతేనేమి పుణ్యాత్ములని చేతులు జోడించారు. కాలువల దగ్గరికి వచ్చేసరికి వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు జరిగారు.

పుస్తకంలో కాలువల గురించి ఉన్నవి నాలుగు పంక్తులే. చదవడం అయిపోయింది. తల ఎత్తితే అబ్బ కళ్ళు మూసుకొని, చెవి ఇటు తిప్పుకొని పడుకొని ఉన్నాడు. మొహంలో ఎన్నడూ లేని వెలుగు. ఇక్కడ ఆపడానికి ఆమెకు మనసొప్పలేదు. వేలు పేజీ మీదనే పెట్టి, సారు చెప్పిందంతా చదువుతున్నట్లే చెప్పింది. కమానులు లేచాయి. వాటి మీద నీళ్ళు నడిచాయి. తొట్లలోకి దూకాయి. మారెక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకొని, "అంతెత్తునా, తల్లీ," అంది. వెనక ఎవరో నిజంగానే మెడ ఎత్తి చావిడి దూలాల కేసి చూశారు.

సారు చెప్పింది కూడా అయిపోయింది. తిరుపాలమ్మ పేజీ తిప్పింది. అవతల వేరే పాఠం, ఏవో పట్టాభిషేకాలు. ఆమె వాటిని చూడనేలేదు. ఆ నీళ్ళు రోమాపురి దాటాయని చదివింది. కొండలు దాటి, వంకలు దాటి, ఎర్రనేలల మీదుగా వచ్చాయని చదివింది. తుమ్మకంపను ముంచేసి ఒక చెరువు నిండిందని, కట్ట మీద ఊరంతా నిలబడిందని, అప్పుడు ఆ చెరువు నీరుగంటి తూము మీదికి దిగి గడ పట్టుకున్నాడని చదివింది. గడ కదిలింది. అడుగున గుడగుడమని సద్దు మొదలయింది. ఆమె జన్మలో వినని ఆ సద్దును అబ్బ ఎన్నోసార్లు చేసి వినిపించాడు. ఇప్పుడు ఆమె గొంతులోనుంచి అదే వచ్చింది, మొదట సన్నగా, తర్వాత చావిడంతా నిండేట్లు.

పుల్లన్న కుడిచెయ్యి మంచం మీదినుంచి లేచింది. గడ పట్టి కొంచెం లేపుతున్నట్లు వేళ్ళు ముడిచాడు. "రొంత ఎత్తు," అన్నాడు. ఆమె ఇంకా చదివింది. నీళ్ళు కాలువలో పడి మొదటి మడి తడిపి, రెండో మడి మీదికి ఎక్కాయి.

"చాలు," అన్నాడు పుల్లన్న.

తిరుపాలమ్మ పుస్తకం మూసింది. రంగన్న హారతి ఇచ్చాడు, అక్షింతలు వేశాడు. ఆడవాళ్ళు ఆమె కాళ్ళకు మొక్కబోతే సిగ్గుపడి లేచిపోయింది. అందరూ కదిలాక, అబ్బ మంచం ఇంటికి మోయాలని మారెక్క ఆయనను తట్టి లేపబోయింది. ఇంకోసారి తట్టింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకొని చూసి, తిరుపాలమ్మను దగ్గరికి లాక్కుంది.

కబురు అంది అమ్మానాయనా వచ్చారు. దినాలు కాగానే బెంగళూరు బయలుదేరారు, కూతురు కూడా వాళ్ళతోనే. ఇంక ఊళ్ళో ఉండటానికి కారణం లేదు. ఆ మధ్యలో ఆమె బడికి పోలేదు. రోము ఎట్లా నాశనమయిందో చెప్పే పాఠం ఆమె వినలేదు. అందుకని ఆమె లెక్కలో రోము అట్లాగే ఉండిపోయింది, ఎవరూ మూయకుండా, నెత్తిమీద నీళ్ళు పారుతూ.

బయలుదేరే పొద్దున తిరుపాలమ్మ తూము గడకు ఆముదం పట్టించింది. గడ మా ఇంట్లో పెట్టిపొమ్మని రంగన్న అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వానొచ్చిన రోజు తూము మూసి లేకపోతే వచ్చిన నీళ్ళన్నీ పోతాయి కదా అంది. రంగన్న గడ అవతలి కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కంప తప్పించుకుంటూ మోసుకుపోయి బిరడాను కంతలో దించారు. తిరుపాలమ్మ రెండు చేతులతో అదిమి, కదలడంలేదని చూసుకొని, కట్ట ఎక్కి బస్సు దారి పట్టింది.

ఎండిన చెరువులో, తుమ్మకంప మధ్య, తూము గడ నిటారుగా నిలబడి ఉంది, ఒంటినిండా ఆముదం తడి ఇంకా ఆరకుండా.