తోక మీద రెండు గీతలు

ఆ వారమంతా కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలతో పాటు పళ్ళు కూడా అరిగాయి. అద్దాలను అరగదీసింది యంత్రం, పళ్ళు నూరింది అక్క. ఎవరి మీద అంటారా, ఇంకెవరి మీద, సొంత చెల్లెలి మీదే.

కారణం వింటే నవ్వుతారు. అక్క కూతురు అమ్మడు బడిలో గైడ్స్‌లో, అంటే ఆడపిల్లల స్కౌట్స్‌లో చేరింది. రెండు వారాల్లో ప్రతిజ్ఞ చేయబోతోంది. ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. ప్రతిజ్ఞ చేసే పిల్ల మెడలో స్కార్ఫ్ టీచరు కట్టదు. చిన్నప్పుడు గైడ్‌గా తిరిగిన ఆడమనిషి ఆ ఇంట్లో ఉంటే ఆవిడే వచ్చి కట్టాలి. చాలా ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఒక్కరు కూడా దొరకరు. అమ్మడికి మాత్రం ఇద్దరు దొరికారు, అమ్మా పిన్నీ.

"ఎవరి పేరు ఇచ్చావే?" అని అక్క అన్నం వడ్డిస్తూ, తనకేమీ పట్టనట్టు అడిగింది.

"ఇంకా ఆలోచిస్తున్నా" అంది అమ్మడు.

ఇందులో ఆలోచించడానికి ఏముంది? చిన్నప్పుడు జట్టు నాయకురాలు ఎవరు? చొక్కా చేతి మీద బ్యాడ్జీలు కుట్టడానికి చోటు చాలక అమ్మ చేత చీవాట్లు తిన్నది ఎవరు? చెల్లెలూ అదే జట్టులో ఉండేది, నిజమే. వరసలో అందరికంటే చివర, ముక్కు ఎగబీలుస్తూ, బూటు లేసు ఊడిందని ఏడుస్తూ ఉండేది. ఆ లేసు కట్టింది కూడా అక్కే. అయినా పిల్ల ఆలోచిస్తోందట!

ఆ ఆలోచన ఎక్కడినుంచి పుట్టిందో అక్కకు తెలియక కాదు. చెల్లెలిది కారు డ్రైవింగ్ నేర్పే పని. పొద్దుటినుంచీ కొత్తవాళ్ళ పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి, సాయంత్రమయ్యేసరికి నోటికి ఎక్కడలేని హుషారు వస్తుంది. ఆ హుషారంతా మోసుకుని తిన్నగా అక్క ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని, చిన్ననాటి క్యాంపు కథలు మొదలుపెడుతుంది.

"ఆరోజు వాగు మీద తాడు కట్టారే బుల్లెట్టూ" అనేది. అమ్మడికి ఆవిడ పెట్టుకున్న పేరు అది. "ఈ చివర చెట్టు, ఆ చివర చెట్టు. మధ్యలో నేను. తాడు ఊగుతోంది, కింద నీళ్ళు బుసలు కొడుతున్నాయి. వెనక్కి చూస్తే చచ్చానే!"

అమ్మడు నోరు తెరుచుకుని వినేది. ఆ పిల్లే కాదు, అక్క మొగుడు కూడా పేపరు మడిచి పక్కన పెట్టి వినేవాడు. పెళ్ళయినప్పటినుంచీ ఏనాడైనా అక్క మాట కోసం ఆ మనిషి పేపరు మడిచాడా?

ఒకరోజు ఇక ఉండబట్టలేక అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "వాగులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. తాడు మధ్యలో కూర్చుని కదలనని ఏడిస్తే నేనే వచ్చి వీపు మీద ఎక్కించుకుని దాటించాను" అంది.

చెల్లెలు పడీ పడీ నవ్వింది. "అవునే, మీ అమ్మ వీపు గట్టిది!" అంది.

"అబ్బా, నువ్వుండమ్మా! మంచి చోట పాడుచేస్తావు" అంది అమ్మడు.

అక్క మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాళ్ళ నవ్వులు వినపడకుండా కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

తనూ చెప్పి చూడకపోలేదు. ఒక సాయంత్రం చెల్లెలు రాని అదను చూసి అమ్మడిని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం చేస్తాం, అక్కకు నిజం తప్ప ఏదీ చెప్పడం చేతకాదు, ఆ నిజం కూడా మందు చీటీలా చెబుతుంది. "దారిలో సుద్దతో బాణం గీసి ఉంటే ఆ వైపు వెళ్ళాలి. అడ్డంగా ఇంటూ గుర్తు ఉంటే ఆ దారి కాదు. గుర్తు కనపడకపోతే కంగారుపడి ముందుకు పోకూడదు, చివరి గుర్తు దగ్గరికి వెనక్కి వచ్చి నిలబడాలి. ఒకసారి క్యాంపులో రెండు జట్ల బాణాలు కలిసిపోయాయి. అప్పటినుంచి నా బాణం తోక మీద రెండు చిన్న అడ్డగీతలు పెట్టేదాన్ని. అది చూస్తే మా జట్టు పిల్లలు కళ్ళు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు."

అమ్మడు ఆవులించింది. "పిన్ని ఎప్పుడొస్తుంది?" అంది.

అదీ సంగతి. ఇంతలో ప్రతిజ్ఞకు ముందు ఆదివారం గైడ్స్ టీచరు వీధుల్లో దారి కనిపెట్టే ఆట పెట్టింది. ఎవరైనా పెద్దవాళ్ళు బడి గేటు నుంచి పార్కు దాకా సుద్దతో గుర్తులు గీయాలి, పిల్లలు రెండు జట్లుగా వాటిని చూసుకుంటూ రావాలి. ఆ పనికి అమ్మడు ఎవరిని పిలిచిందో వేరే చెప్పాలా? అక్కతో ఒక్క మాటైనా అనలేదు. చెల్లెలు జేబుల నిండా సుద్దముక్కలు వేసుకుని తెల్లవారగానే బయల్దేరింది.

అక్కకు ఆరోజు దుకాణంలో పని ఉంది. దుకాణానికి వెళ్ళే దారిలోనే లాండ్రీ గోడ వస్తుంది. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది, ఎడమవైపు పార్కు, కుడివైపు గోదాముల వెనక సందు. గోడ మీద చెల్లెలు గీసిన బాణం కనపడింది. అదీ ఒక బాణమేనా! లావుగా, వంకరగా, కొత్తగా స్టీరింగు పట్టినవాడు బండి ఆపినట్టు ఉంది.

ఆ వంకర బాణం వెంట తన కూతురు పరిగెత్తుకుంటూ వెళ్ళి, పార్కులో పిన్నిని వాటేసుకుంటుంది. వచ్చే ఆదివారం ఆ వంకర చేతులే దాని మెడలో స్కార్ఫ్ కడతాయి. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీలోంచి అద్దాలు తుడిచే గుడ్డ తీసి బాణాన్ని తుడిచేసింది. పూర్తిగా పోలేదు, లీలగా కనపడుతూనే ఉంది. అద్దాల మీద గుర్తులు పెట్టే తెల్ల పెన్సిలు తీసి, పక్కనే సన్నగా, తిన్నగా, సందు వైపు ఇంకో బాణం గీసింది. మహా అయితే పిల్లలు కాసేపు తికమకపడతారు, "పిన్నికి గుర్తులు గీయడం కూడా రాదు" అనుకుంటారు. అనుకోనీ, కళ్ళు తెరుచుకుంటాయి.

దుకాణానికి వెళ్ళి యంత్రం ముందు కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆ పూట కూనిరాగం తీసింది. అలా ఎంతోసేపు సాగలేదు, ఫోను మోగింది. చెల్లెలు.

"అక్కా, ఒక జట్టు ఎప్పుడో వచ్చేసింది. మన బుల్లెట్టు జట్టు ఇంకా రాలేదే. మీ దుకాణం వైపేమైనా కనిపించారా?"

ఆ గొంతులో నవ్వు లేదు. గోదాముల సందు అంటే లారీలు వెనక్కి వచ్చే చోటు, ఆదివారమైనా సరుకు దించుతూనే ఉంటారు. పొద్దున్న ఆ సంగతి గుర్తుకు రాలేదా? వచ్చింది. వచ్చినా గీసింది. అరగదీస్తున్న అద్దం అలాగే వదిలేసి, చెప్పులు సరిగా వేసుకోకుండానే పరిగెత్తింది.

సందు దాకా పోనక్కరలేకపోయింది. లాండ్రీ గోడ దగ్గర, సరిగ్గా తను గీసిన బాణం కింద, ఆరుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఐదుగురి మొహాలు మాడిపోయి ఉన్నాయి. అమ్మడు మాత్రం ఎవరినీ కదలనివ్వకుండా చేతులు చాపి అడ్డం నిలబడింది.

"అమ్మా!" అంది ఆ పిల్ల, అక్కను చూడగానే. "చూడు, ఇది నీ బాణమే కదా? తోక మీద రెండు గీతలు."

అక్క చూసింది. ఉన్నాయి. ఎప్పుడు పెట్టిందో తనకే తెలియదు. చిన్నప్పటి అలవాటు, చెయ్యి తనంతట తానే పెట్టేసింది.

"వీళ్ళందరూ చెరిపేసిన బాణం వైపే వెళ్దామన్నారు" అని అమ్మడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. "దారంతా గీతలు లావుగా ఉన్నాయి, ఇదొక్కటే సన్నగా ఉంది అన్నారు. నేనే ఒప్పుకోలేదు. పిన్ని తప్పు గీసుంటుంది, మా అమ్మ వచ్చి సరిచేసింది, మా అమ్మ గుర్తు తప్పదు అన్నాను. తీరా వెళ్తే సందు చివర గోడ ఉందమ్మా. నువ్వు చెప్పినట్టే చివరి గుర్తు దగ్గరికి వెనక్కి వచ్చి నిలబడ్డాం." అంతవరకూ చెప్పాక గొంతు చిన్నదైంది. "నేను తప్పు చదివానా?"

ఆవులించిన పిల్ల. పిన్ని ఎప్పుడొస్తుంది అన్న పిల్ల. అంతా విన్నది, ఒక్క ముక్క పొల్లుపోకుండా దాచుకుంది. పిన్ని బాణాన్ని కాదని, జట్టంతా ఎదురు తిరిగినా, అమ్మ బాణం వెంటే నడిచింది. ఇన్నాళ్ళూ దేనికోసం కళ్ళల్లో నిప్పులు పోసుకుందో అది మొదటినుంచీ తన దగ్గరే ఉంది. దాన్నే తీసుకెళ్ళి లారీల సందులోకి తోసింది.

"అవునే, తొందరపడ్డావు" అంటే ఆ పూట గడిచిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. మిగతా పిల్లలు అమ్మడిని నాలుగు రోజులు దెప్పి మరిచిపోయేవాళ్ళు. ఆ మాట అక్క నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అమ్మడు ఇంకా తన మొహంలోకే చూస్తోంది.

"నువ్వు సరిగ్గానే చదివావు" అంది అక్క. "నేనే తప్పు గీశాను. కావాలని గీశాను."

"ఎందుకు?"

"మీ పిన్ని చూపించిన దారిలో నువ్వు వెళ్తుంటే చూడలేక. కుళ్ళుకుని."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మడు అరిచినా బాగుండేది. కాసేపు ఆ రెండు గీతలకేసి చూసి, "పదండే" అని జట్టును పార్కు వైపు తీసుకుపోయింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. అక్క అదే గుడ్డతో తన బాణాన్ని తుడిచింది. ఆ పెన్సిలు గీత గోడ మీద ఓ పట్టాన పోలేదు.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని అమ్మడు చెప్పింది, "స్కార్ఫ్‌కి పిన్ని పేరు ఇచ్చేశాను" అని. అక్క సరేనంది. పిల్ల కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

వారం గడిచింది. ప్రతిజ్ఞకు ముందురోజు సాయంత్రం చెల్లెలు స్కార్ఫ్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, కొంప మునిగింది. ముడి రావడం లేదే."

ఆ బడిలో స్కార్ఫ్‌కి రింగు పెట్టరు. రెండు కొసలనూ ఒకదానిలో ఒకటి దూర్చి, ముందు వైపు నలుపలకల బిళ్ళలా కనపడేలా ముడి వేస్తారు.

"క్యాంపులో రోజూ వేసుకునేదానివిగా!"

"రోజూ నువ్వేసేదానివి. నేను మెడ చాపేదాన్ని."

అక్కకు నవ్వు రాలేదు. "వాగు దాటినదానివి, ముడి ఒక లెక్కా?" అంది.

చెల్లెలు స్టూలు మీద కూలబడింది. "ఆరోజు గోడ మీద తోక గీతలు పార్కు నుంచి వస్తూ నేనూ చూశాలే. నీ బాణం నాకు తెలియదా, చిన్నప్పుడంతా దాని వెనకే కదా తిరిగింది. తుడిచినా కనపడుతూనే ఉంది" అంది. అక్క బిత్తరపోయి చూస్తుంటే మళ్ళీ తనే అంది, "నిజం చెప్పనా? నువ్వూ తప్పు చేశావని నాకు ఎంత హాయిగా ఉందో! అక్కను చూసి నేర్చుకో, అక్క తప్పు చెయ్యదు అని అమ్మ నా చెవులు చిల్లులు పడేలా చెప్పేది. నీ మీద కుళ్ళుతోనే పెరిగాను. వాగు కథలో నువ్వు లేకుండా చెబితే, కాసేపైనా నేనే దాటినట్టు ఉంటుంది."

అక్క స్కార్ఫ్ లాక్కుంది. దులిపి, అంచులు సమంగా చుట్టి, చెల్లెలి మెడలో వేసింది. ఒళ్ళు మండుతూనే ఉంది. రేపు ఈ ముడి తను వెయ్యాల్సింది. తన కూతురి మెడలో, అందరి ముందూ. అయినా నేర్పాల్సినదాన్ని తప్పుగా నేర్పడం ఇంకోసారి తన వల్ల కాదు. కొసను చుట్టూ తిప్పి, కిందనుంచి దూర్చి, నెమ్మదిగా బిగించింది. "చూస్తున్నావా, దిక్కులు చూస్తున్నావా?" అని కసిరింది.

"చూస్తున్నానే, మళ్ళీ వచ్చేలా లేదు" అంది చెల్లెలు బిక్కమొహం వేసి.

ఎప్పుడు వచ్చిందో, అమ్మడు తలుపు తోసుకుని నిలబడి ఉంది. పిన్ని మెడలో ముడిని చూసింది, అమ్మ చేతులను చూసింది. వారం రోజులుగా అమ్మతో అవసరమైన మాట తప్ప మాట్లాడని పిల్ల.

"విప్పకు పిన్నీ" అంది. "ముడి అలాగే ఉంచి తల మీంచి తియ్యి. రేపు అలాగే నా మెడలో వెయ్యి."

చెల్లెలు జుట్టు చెదరకుండా స్కార్ఫ్ తీసి ఇచ్చింది. అమ్మడు దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి, రెండు కొసలూ చెరో చేత్తో పట్టుకుని గట్టిగా లాగి చూసింది. అమ్మ వేసిన ముడిని ఆ పిల్ల ఇంతకుముందు ఎప్పుడూ లాగి చూడలేదు.

ముడి కదలలేదు. అమ్మడు ఇంకోసారి లాగింది.