ఐదో కుప్ప

మా నెకోసావా ఊరి వేటగాళ్ళ సంఘం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు. తుపాకులు రాకముందు, ఈటెలతో ఎలుగుబంటిని పొడిచే రోజుల్లోనే ఉందట. మా తాత దానికి పెద్ద, తర్వాత నాన్న, ఇప్పుడు నేను. ఒకప్పుడు ఇంటికొక మగాడు కొండెక్కేవాడు. కొందరిని యుద్ధం తీసుకుపోయింది, మిగతావాళ్ళని సెందాయ్ పట్నం ఫ్యాక్టరీలు తీసుకుపోయాయి. పోయిన వసంతానికి ఐదుగురం మిగిలాం. ఇప్పుడు నలుగురం: నేను, గొంజో, యాయిచి, తెత్సువొ. ఆ వేటలోనే నా కొడుకు షిగెహరు ఎలుగును కింది నుంచి తుపాకుల వైపు అదిలిస్తూ మంచు పగుల్లో పడి చనిపోయాడు.

అప్పటి నుంచి నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఇంత తింటున్నాను, పడుకుంటున్నాను. గుండె రాయి చేసుకున్నాడని ఊళ్ళో మెచ్చుకుంటున్నారు. నేను చేసుకున్నదేం లేదు, దానంతటదే అయింది.

"సంఘం నీ చేతుల్లో మూతపడకూడదు" అని నాన్న పోయేముందు మాట తీసుకున్నాడు. ఆ మాట కోసమే ఈ ఏప్రిల్‌లో మళ్ళీ కొండెక్కాను.

మాకు నియమాలు ఎక్కువ లేవు. ఉన్న ఒక్కటీ ఉడుంపట్టు. కాల్చినవాడికైనా, కింద నుంచి కేకలేసినవాడికైనా వాటా సమానం. కొండెక్కనివాడికి ముక్క కూడా లేదు. కరువు ఏడాది సొంత తమ్ముడు జ్వరంతో ఇంట్లో పడుంటే, మా తాత వాడికీ వాటా వెయ్యలేదు.

మధ్యాహ్నానికి గొంజో తుపాకీకి ఒక ఎలుగు పడింది. యాయిచి దాన్ని కోసి, మంచు మీద వెదురాకులు పరిచి కుప్పలు పెట్టాడు. పక్షపాతం లేకుండా తెత్సువొ అటు తిరిగి నిలబడ్డాడు. యాయిచి ఒక్కో కుప్పా చూపించి అడుగుతాడు, తెత్సువొ చూడకుండా పేరు చెప్తాడు.

"ఇదెవరిది?"

"గొంజోది. తూటా ఖర్చయినా వస్తుందో లేదో చూసుకో!"

"నోర్ముయ్‌రా. నువ్వు కాలిస్తే మంచుకి తప్ప దేనికీ తగల్దు."

"ఇదెవరిది?"

"పెద్దన్నది." అంటే నాది.

"ఇదెవరిది?"

"షిగెహరుది."

తెత్సువొ ఇటు తిరగలేదు. వాడి భుజాలు మాత్రం బిగుసుకుపోయాయి. యాయిచి కిందికి చూశాడు. కుప్పలు ఐదున్నాయి. ఒకడి నోరూ ఒకడి చెయ్యీ ఒకే పొరపాటు చేశాయి.

"తప్పయిపోయింది పెద్దన్నా," అన్నాడు యాయిచి. "అలవాటున చెయ్యి అలా పోయింది. కలిపేసి మళ్ళీ పంచుతా."

"ఆగు," అన్నాను.

గొంజో నావైపు చూశాడు. "ఆగడమెందుకన్నా? ఎక్కనివాడికి లేదు కదా. కావాలంటే మన వాటాల్లోంచి తలా ముక్క మీ కోడలికి పంపుదాం."

"అది దానంరా. వాటా కాదు."

"మరి నియమం?"

"నియమం సంఘానిది. సంఘం మూసేశాను. ఇప్పుడే, ఇక్కడే."

నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఇన్ని తరాల సంఘాన్ని మూసేసినా లోపల ఏమీ కదల్లేదు.

"మాంసం ముద్ద కోసమా?" అన్నాడు గొంజో. "మీ నాన్నకిచ్చిన మాటేం కాను?"

"నేను ఆయన కొడుకుని. వాడు నా కొడుకు."

తెత్సువొ అటు తిరిగే మిగిలిన రెండు పేర్లూ చెప్పాడు. యాయిచి ఐదు మూటలు కట్టాడు.

"వాడిది నేను మోస్తానన్నా," అన్నాడు గొంజో.

"వద్దు."

నాదీ వాడిదీ రెండు మూటలూ వీపుకి కట్టించుకుని లేవబోయాను. మోకాళ్ళు లేవలేదు. పక్కనుంటే ఈ ముసలాడి మూట కూడా లాక్కుని ముందు పరిగెత్తేవాడు షిగెహరు. అలాగే మంచులో కూలబడి, వాళ్ళు ముగ్గురూ చూస్తుండగా భోరున ఏడ్చాను.