తిరిగి పంపని సవరణలు

"ఈ ఆదివారం మా ఆఫీసు పెద్దాయన భోజనానికొస్తాడు. నీకు వీలవుతుందా అని ప్రత్యేకంగా అడగడానికేముంది, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అన్నాడు భర్త, బాత్రూం గుమ్మంలో నిలబడి. ఆమె లోపల మోకాళ్ళ మీద కూర్చుని నేల రుద్దుతోంది. అతడు కాలు తడవకుండా కాస్త వెనక్కి జరిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లోనే ఉండటమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఎవరో ఒకరు ఉద్యోగం మానాలన్నారు. ఎవరో ఒకరంటే ఎవరో అందరికీ తెలుసు. "నీది కోడ్ రాసే పని, ఎక్కడైనా రాసుకోవచ్చు. నాది నలుగురిలో మాట్లాడే పని" అన్నాడు భర్త. ఉద్యోగం పోయింది గానీ, పెళ్ళికి ముందు నుంచీ చూసుకుంటున్న ఒక ప్రోగ్రాంని మాత్రం ఆమె వదల్లేదు. కంప్యూటర్ చెప్పిన మాట ప్రింటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాం అది. ప్రింటర్లలో ఒక్కోదానిది ఒక్కో తిక్క. ఒకటి కాగితం నమలుతుంది, ఇంకోటి సగం అచ్చేసి అలుగుతుంది. వాషింగ్ మెషీన్ పక్కన ఇరుకు గదిలో కూర్చుని ఆమె ఆ తిక్కలన్నీ ఒక్కొక్కటిగా కుదిర్చేది. జీతం లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అక్కడ ఆమె పేరు పిచ్చుక. ఏ దేశాల్లోనో ఉన్న మనుషులు "పిచ్చుకగారూ, మా ప్రింటర్ కదలడం లేదు" అని రాస్తారు. అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళతో "మా కోడలికి కాలక్షేపం. ఏదో టకటకలాడిస్తుంటుంది" అని నవ్వేది.

ఇలా ఎవరెవరో ఊరికే రాసిపెట్టిన వేల ప్రోగ్రాముల్ని ఏరి, ఒకదానితో ఒకటి పొసిగేలా పేర్చి, ఒక పేరు పెట్టి జనానికి అందించే మూటనే డిస్ట్రో అంటారు. వాటిలోకెల్లా ఎక్కువమంది వాడేది భర్త పనిచేసే కంపెనీ డిస్ట్రో. పేర్చడం కూడా పనే, ఆమె కాదనదు. వాళ్ళు లేకపోతే తన ప్రోగ్రాం గురించి ఎంతమందికి తెలిసేది? కానీ పేర్చినవాడు నేనే పుట్టించానని ఊరేగడం మొదలుపెడితే ఏమనాలి? సొమ్మొకడిది, సోకొకడిది. ఏడాదికోసారి కొత్త రంగు, కొత్త బొమ్మ, కొత్త చప్పుడు. ఆ రంగుకింద ఉన్న ఇటుకలు ఎవరు చేశారని అడిగితే మాత్రం "కమ్యూనిటీ" అంటారు. కమ్యూనిటీ అంటే జీతం అడగని మనుషులు.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. లావుపాటి మనిషి, సన్నటి గొంతు. ఆయన రెండోసారి కూర వడ్డించుకుంటూ, "మా డిస్ట్రోలో పాత ప్రింటర్లు కూడా టకీమని పనిచేస్తాయి. బళ్ళలో పంతుళ్ళు మాకు దండం పెడుతున్నారు" అన్నాడు.

ఆమె నీళ్ళ జగ్గు బల్లమీద పెట్టింది. బళ్ళలో ఉండే పాత ప్రింటర్లు సగం పేజీలోనే ఆగిపోతున్నాయని పోయిన ఎండాకాలమంతా ఎందరో ఆమెను తిట్టారు. పరీక్ష పేపర్లు ముద్రించుకోలేని ఒక టీచరమ్మ, "మీకు చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పండి" అని రాసింది. అత్తగారికి కాలు పడుతూ, బట్టలు ఆరేస్తూ, బుర్రలో అదే తిప్పుకుంటూ, వారాల తరబడి తవ్వి, చివరికి తప్పు పట్టుకుంది.

"ఎప్పుడు బాగుచేశారు?" అని అడిగింది.

"ఎండాకాలం మొదట్లోనే చెల్లెమ్మా. మావాళ్ళు రెండురోజుల్లో తేల్చేశారు."

"మరి ఆ సవరణని తిరిగి ఆ ప్రోగ్రాం చూసేవాళ్ళకి పంపలేదేం?"

పెద్దాయన నవ్వాడు. "పంపితే వాళ్ళు వంద ప్రశ్నలడుగుతారు. అలా రాయండి, ఇలా రాయండంటారు. మాకంత తీరిక ఉండదు. అయినా మేమేం దాచలేదు, ఆ ప్రోగ్రాం తాలూకు మా కాపీలో అందరికీ కనిపించేలానే ఉంది. కావలసినవాళ్ళు వెతుక్కోవచ్చు."

అది నిజమే. చట్టప్రకారం వేలెత్తి చూపడానికేమీ లేదు. గడ్డివాము ఇచ్చి, సూది అందులోనే ఉంది తీసుకోమన్నట్టు. ఆమె భర్త వైపు చూసింది. అతడు పళ్ళెంలోకి చూస్తున్నాడు. ఎండాకాలమంతా ఇదే బల్లకి ఎదురుగా కూర్చుని, తను కళ్ళు ఎర్రబడేలా వెతుకుతుంటే, "ఇంకా ఆ ప్రింటర్ గొడవేనా? కాఫీ ఏమైనా ఉందా?" అని అడిగిన మనిషి. అతడికి అప్పటికే తెలుసు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. కూరలో పురుగు కనిపించినప్పటి ఏవగింపు లాంటిదేదో వచ్చింది.

పెద్దాయన వెళ్ళాక అడిగితే, "ఆఫీసు సంగతులు ఇంట్లో చెబుతారా ఎవరైనా?" అన్నాడు భర్త.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఊళ్ళో పెద్ద సభ జరిగింది. బాగా పేరున్న డిస్ట్రోలు అందరి పనిలో తమ వంతు పని చేస్తున్నాయా లేదా అన్నది చర్చ. కంపెనీ తరఫున మాట్లాడేది భర్త. కుటుంబాలకీ భోజనాలున్నాయి కాబట్టి ఆమెనీ తీసుకెళ్ళాడు. "ఆ నీలంది కట్టుకో, ఫొటోలుంటాయి" అన్నాడు.

ఆమె రెండో వరుసలో కూర్చుంది. భర్త వేదికమీద చక్కగా మాట్లాడాడు. నాలిక మీద తేనె రాసుకుని పుట్టిన మనిషి. మేము తీసుకునే దానికన్నా ఇచ్చేదే ఎక్కువ అంటూ తెరమీద ఒక బొమ్మ వేశాడు. కంపెనీ ఉమ్మడి పనికి ఇచ్చిన వాటాలు రంగురంగుల దిమ్మెలుగా ఉన్నాయి. అన్నిటికన్నా పొడుగు దిమ్మె కింద ఆమె ప్రోగ్రాం పేరుంది.

మొదట ఆమె తప్పు చదివాననుకుంది. మళ్ళీ చదివింది.

వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. పిడికెడుమంది నడిపే చిన్న డిస్ట్రో తాలూకు పిల్ల. ఏ సవరణ చేసినా ఆ రోజే ఆమెకు పంపేది. "ఆ ప్రోగ్రాంలో మీ కంపెనీవాళ్ళ సవరణ ఒక్కటి కూడా నేను చూడలేదండీ. అంతా పిచ్చుక అనే ఆవిడే చేస్తారు" అంది.

భర్త తడబడలేదు, పైగా మెరిసిపోయాడు. "పిచ్చుక మా మనిషే. ఇదిగో, మా ఆవిడే! ఆవిడ పని మా పని కాకపోతే ఎవరిది?" అని చెయ్యి చాపాడు. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఎవరో మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. ఏళ్ళ తరబడి బుర్రలో ఉపన్యాసాలు రాసుకుంది. లేచి నిలబడేసరికి అవన్నీ అనవసరమనిపించాయి. చెత్త బుట్టలో వేసేదాన్ని ఎవరైనా వివరిస్తారా?

"ఈయన నా భర్తే. కానీ ఈయన కంపెనీ నాకు ఉద్యోగం ఇవ్వలేదు, సవరణా పంపలేదు. ఎండాకాలంలో బడి ప్రింటర్లకి మందు వాళ్ళ దగ్గరుండి కూడా నాకు చెప్పలేదు. ఆ దిమ్మె తీసేస్తే బొమ్మలో ఏం మిగులుతుందో మీరే చూడండి."

కూర్చుంది. తెరమీద మిగిలిన దిమ్మెలు నేలకి అంటుకున్నట్టున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ చిన్న డిస్ట్రో పిల్ల ఒక్కతే వెనకాల చప్పట్లు కొట్టింది.

కారులో భర్త, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటన్నాడు. తనేమైనా కొట్టాడా, తిట్టాడా అన్నాడు. ఇంటికెళ్ళాక అత్తగారు కూడా "మగవాడు నాలుగు మాటలు ఎక్కువ చెప్పుకుంటే నీదేం పోయింది?" అంది. ఆమె ఇరుకు గదిలోకి వెళ్ళి తన పనిలో పడింది. మాట్లాడాలంటే ఎదుటివాళ్ళ మీద కాస్తయినా గౌరవం ఉండాలి కదా.

మర్నాటికే సంగతి అందరికీ పాకింది. కంపెనీని నలుగురూ కడిగేశారు. పెద్దాయన సన్నటి గొంతుతో క్షమాపణలాంటిదొకటి చెప్పి, ఇన్నేళ్ళుగా తమ కాపీలోనే ఉంచుకున్న సవరణలన్నీ తిరిగి పంపుతామన్నాడు. ఎవరివల్ల రభస అయిందో వాళ్ళే పంపాలని, ఆ పని ఆమె భర్తకే అప్పగించాడు. పాపం, కోడ్ ముట్టుకుని ఎన్నాళ్ళయిందో. వారంపాటు కిందామీదా పడి ఆమె ప్రోగ్రాంకి మొదటి సవరణ పంపాడు. ఆమె చూసి సరేనంటేనే అది అందులో చేరుతుంది.

రెండు రోజులు చూశాడు. మూడో రోజు సాయంత్రం ఇరుకు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేను పంపింది చూశావా?"

"వరుసలో ఉంది" అంది ఆమె, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "మీకంటే ముందు పంపినవాళ్ళున్నారు."

అతడు ఇంకా అక్కడే నిలబడ్డాడు.

"వెళ్ళేటప్పుడు ఆ తలుపు దగ్గరగా వెయ్యండి."